పాత పేరుతో అడిగితేనే

సీసాలమ్మ బల్లల మధ్య వంగి సీసాల మూతులు తుడుస్తోంది. పొట్టి మనిషి, బొద్దు చేతులు, ఎంత కడిగినా వెనిగర్ వాసన వదలని వేళ్ళు. కార్ఖానా క్యాంటీన్లో సీసాలు నింపి బల్లల మీద సర్దడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళి కాకముందు చేరింది, మనవరాలు పుట్టాక ఈ రోజుతో మానేస్తోంది. అసలు పేరు ఎవరైనా అడిగితే ఆవిడే కాస్త ఆలోచించుకోవాలి.

సీసాల్లో సరుకు అదే గానీ పేర్లకే నిలకడ లేదు. కంపెనీవాడికి తోచినప్పుడల్లా పైన చీటీ మారేది. ఆవిడ చేరినప్పుడు ఆ ఎర్రటి టమాటా రసం పేరు క్యాట్సప్పు. తర్వాత కెచప్ అయింది, ఆపైన సాసు, ఇప్పుడు డిప్పట. ఆవముద్ద మస్టర్డ్ అయి కూర్చుంది. మిరియాల పొడి పెప్పరై దర్జా ఒలకబోస్తోంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఎవరు చేరిన నాటి పేరు వాళ్ళ నోట ఉండిపోయేది కాబట్టి, అడిగే తీరు వింటే చాలు, వాళ్ళ సర్వీసెంతో ఆవిడ చెప్పేసేది.

క్యాట్సప్పు అనేవాళ్ళలో ఇక మిగిలింది మేస్త్రీ ఒక్కడే. రిటైరై చాలా కాలమైనా, ఇంట్లో వండేవాళ్ళు లేక మధ్యాహ్నం ఇక్కడే రొట్టె తింటాడు. మతిమరుపు వచ్చాక కొత్త పేర్లు బుర్రలో నిలవడం లేదు. కిందటివారం ఆవిడ రాని రోజున, వడ్డించే అతను "అలాంటిది ఇక్కడ లేదు బాబాయ్" అన్నాడట. మేస్త్రీ వట్టి రొట్టె సగం తిని వెళ్ళిపోయాడట. ఆ సంగతి విన్నప్పటినుంచి ఆవిడకి అదే దిగులు. రేపటినుంచి ఆయన గతేమిటి? వడ్డించే అతనికి చెబితే సరే అక్కా అని, మరుక్షణం మరిచిపోయాడు. మంచివాడే, బుర్రే జల్లెడ.

అందుకని ఈ పొద్దున ఎర్ర సీసాలన్నీ తన ముందు పెట్టుకుని కూర్చుంది.

"డిప్ ఇవ్వు పెద్దమ్మా," అన్నాడు వెల్డరు.

"డిప్పూ లేదు, గిప్పూ లేదు. క్యాట్సప్పు అని అడుగు, ఇస్తా."

"అదేం పేరు, పిల్లి తుమ్మినట్టు?"

"నోరు మంచిదైతే ఊరు మంచిది. అను."

అన్నాడు. వెనకవాళ్ళు నవ్వారు, నవ్వుతూ వాళ్ళూ అన్నారు. వడ్డించే అతనైతే తన గుడ్డులోకి అడుక్కోవాల్సి వచ్చింది. నోరు తిరిగేదాకా ఆవిడ వదల్లేదు. గోలేమిటో కనుక్కుందామని వచ్చిన మేనేజరు కాసేపు బిగుసుకున్నాడు గానీ, పళ్ళెంలో బంగాళాదుంపలు చల్లారిపోతుంటే ఆయనా అన్నాడు.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చి, అడగాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే ఆగాడు. లోపల ఆ మూల ఒకడు, ఈ మూల ఒకడు క్యాట్సప్పు, క్యాట్సప్పు అంటున్నారు. ఆయన ముఖం విప్పారింది.

"రా బాబాయ్. క్యాట్సప్పు కావాలా?" అన్నాడు వడ్డించే అతను, ఎవరూ గుర్తు చెయ్యకుండానే.

"మరి ఇంకేం కావాలి? మొన్నెవడో లేదన్నాడు. కొత్తవాడై ఉంటాడు."

"కొత్తవాడే బాబాయ్," అన్నాడతను తల వంచుకుని.

సీసాలమ్మకి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రీ బల్ల మీద సీసా పెట్టి, చేతులు కడుక్కుని, సంచీ తీసుకుని వెనక గుమ్మం వైపు నడిచింది. అందరికీ చెప్పి వెళ్దామంటే ఏడుపు ఆగదని భయం. మేస్త్రీ ఒక్కడే చూశాడు.

"రేపు పెందలాడే రా అమ్మాయ్," అన్నాడు.

"అలాగే బాబాయ్," అంది.

ఆయన ముందు సీసా ఉంది. బిగిసిపోయిన ఆ వేళ్ళకి శ్రమ లేకుండా, మూత సగం తిప్పి వదిలేసి ఉంది.