తౌవూ ఎత్తుకుపోయిన సీసా

దీవుల దేశపు రాజధాని సువాలో, పెద్దాసుపత్రి ఊపిరితిత్తుల వార్డులో తెల్లవారగానే సిస్టర్ వాసిటీ సూదులు పట్టుకుని బయల్దేరుతుంది. తీసిన రక్తాన్ని చిన్న సీసాల్లో నింపి, స్టాండులో పెట్టి కాసేపు ఆగుతుంది. బాగుపడి ఇంటికి వెళ్ళేవాళ్ళ రక్తం సీసాలో వాళ్ళ ఊరివైపు ఒరుగుతుంది. వెళ్ళనివాళ్ళది ఎటూ ఒరగదు. తరవాత సీసాలు ల్యాబుకి పోతే మెషిన్ సీఆర్పీ అంకె, అంటే ఒంట్లో వాపు ఎంతుందో, చెబుతుంది. రెండూ ఎప్పుడూ ఒకే మాట చెబుతాయి కనక డాక్టరమ్మ రెండూ చూసే మందులు రాస్తుంది.

ఆ వానల్లో నిమోనియాతో పక్కపక్క మంచాలెక్కిన ఇద్దరు ముసలాళ్ళు వార్డుని కుదురుగా ఉండనివ్వలేదు. నైరేవు ఊరి తేవిటా, వుతియా దీవి ఇనోకే ఒకరికొకరు తౌవూలు, అంటే వరస కలిసిన ఊళ్ళవాళ్ళు. ఆ రెండు ఊళ్ళ మూలపురుషులు అన్నదమ్ములట. అంచేత ఒక ఊరివాడు రెండో ఊరివాడి సొమ్ము ఏది ఎత్తుకుపోయినా అడ్డుపడకూడదు. కావలిస్తే తిట్టుకోవచ్చు, అదెంతైనా తిట్టుకోవచ్చు.

ఇనోకే పక్క మంచం కంచంలోంచి కర్రపెండలం ముక్క లాక్కుని, "దగ్గడానికే ఊపిరి లేదు, నీకు తిండెందుకురా ఏటిగట్టు కప్పా?" అన్నాడు.

"మెక్కరా చేపలదొంగా, మెక్కు," అన్నాడు తేవిటా ఆక్సిజన్ మాస్కు కిందనుంచి.

ఆ పొద్దున ఇనోకే రక్తం సముద్రంవైపు ఒరిగింది. తేవిటాది నిటారుగా నిలబడింది. డాక్టరమ్మ చూసి, అతని భార్య లూసియానాని పక్కకి పిలిచి, "నిన్నటి అంకే బాగాలేదు. పిల్లల్ని రమ్మనండమ్మా," అంది. ఆవిడ గోడకి చేరబడి ఏడ్చింది.

ఇనోకే చెయ్యి చాపి స్టాండులోంచి తేవిటా సీసా తీసి దిండు కింద పెట్టుకున్నాడు.

"తాతా, ఇచ్చెయ్యి. ల్యాబుకి పంపాలి," అంది వాసిటీ.

"నా తౌవూ సొమ్ము తల్లీ. వాడే అడగలేడు, మధ్యలో నువ్వెవరు?"

"ఎత్తుకుపో దొంగా! అదొక్కటే మిగిలింది," అన్నాడు తేవిటా. అలవాటుకొద్దీ అనేశాడు.

వాసిటీ విసుక్కుంటూ మళ్ళీ సూది గుచ్చింది. ఈసారి తేవిటా రక్తం ఒరిగింది, అదీ సొంత ఊరివైపు కాదు, వుతియావైపు. అనుమానమొచ్చి ఇనోకేకీ గుచ్చి చూసింది. నిటారుగా నిలబడింది. "పేర్లు తారుమారు చేశావా?" అని డాక్టరమ్మ కేకలేసి తనే స్వయంగా తీసింది. అప్పుడూ అంతే. మెషిన్ అంకెలూ అటుదిటు, ఇటుదటు అయ్యాయి. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఇనోకేకి చెయ్యవలసినవన్నీ చేసింది, ఏదీ పట్టలేదు. "ఏటి కప్పకి సముద్రం పిచ్చి పట్టిందర్రా," అని నవ్వుతూనే అతను పోయాడు.

తేవిటాకి ఏమీ అర్థం కాలేదు. వాడు వేళాకోళానికి తీశాడా, తెలిసే తీశాడా? వేళాకోళమైతే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి? తెలిసే తీస్తే ఏమని చెప్పాలి? తౌవూల మధ్య తిట్లున్నాయి గాని కృతజ్ఞతకి మాట లేదు. పైగా ఎత్తుకుపొమ్మన్నది తన నోరే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా బాగుపడ్డ ఛాతీలో నొప్పి పుట్టేది.

ఖననానికి పడవెక్కి వుతియా వెళ్ళాడు. చావింటికి వచ్చిన తౌవూ ఇష్టమొచ్చింది పట్టుకుపోవాలి, జనం నవ్వాలి, అది పద్ధతి. ఇనోకే భార్య సలాన్యేటా ఎదురొచ్చి, "ఏం పట్టుకుపోతావు తౌవూ? పందులున్నాయి, చాపలున్నాయి, ఆయన పడవుంది," అంది.

తేవిటా అన్నిటివైపూ చూశాడు. ఎటు చెయ్యి చాపాలో తోచలేదు.

"నేను ఆసుపత్రిలోనే తీసేసుకున్నాను," అన్నాడు చివరికి.

జనం పద్ధతి తప్పకుండా గొల్లున నవ్వారు. సలాన్యేటా నవ్వలేదు. అతని మొహంలోకి చూసి, "అయితే దాన్ని పాడుచేశావంటే ఊరుకోను, కప్పా," అంది.