తాలి అంటే తాడే

వాన వెలిసినా పామాయిల్ తోట ఇంకా కురుస్తూనే ఉంది. మట్టల మీంచి మోగన మెడ మీదకి... చల్లగా, ఒక్కో చుక్కా.

గుర్రం కదిలింది. పైనున్న ఆమె రెండు చేతులా జీను పట్టుకుంది.

ముసలి గుర్రం. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిందట. ఆమె మొగుడు తివ్యన్ దాని మీద కూర్చునే ఆవుల్ని తోలేవాడు, తాడు విసిరి పట్టేవాడు. పోయిన వానల్లో, కువాలా సెలంగోర్ దారిలో, ఒక లారీ అతన్ని పొట్టన పెట్టుకుంది.

ఆవులన్నీ అమ్మేశారు. కెంపి ఒక్కటే దొరకలేదు. చూడి ఆవు. మనిషి అలికిడైతే చాలు, చెట్ల చీకట్లోకి మాయం. శుక్రవారం లోపు పట్టుకోకపోతే తామే పట్టి కబేళాకు పంపేస్తామని తోటవాళ్ళు చెప్పారు.

అందుకే నేర్చుకుంటోంది. ఎన్నడూ గుర్రం ఎక్కని మోగన.

నేర్పేది పక్కింటి పాక్ రహీమ్ — పాక్ అంటే పెద్దాయన. తివ్యన్‌కీ ఆయనే నేర్పాడు. ఎదురుగా నరికిన చెట్టు మోడు. తల మీద ఉచ్చు తిప్పాలి... తిప్పాలి... మోడు వైపు వదలాలి.

"లెపాస్ తాలి!" అని అరుస్తాడు. తాడు వదులు, అని.

మలాయి భాషలో తాలి అంటే తాడే. చిన్నప్పటి నుంచీ తెలుసు. బట్టలారేసేదీ తాలే, ఆవుని కట్టేదీ తాలే. కానీ అత్తవారింట్లో ఎవరికీ 'ళ' పలకదు. మెడలో కట్టేదీ వాళ్ళకి తాలే.

పెళ్ళిలో తివ్యన్, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, చెవి దగ్గర నవ్వాడు. "తాలి కడతన్నాను. ఆవునాగ పారిపోకు లా!"

చివరికి పారిపోయింది అతనే.

ఆ తాళి తీసిన రోజు గది నిండా ఆడవాళ్ళు. "ఒగ్గెయ్యమ్మా... తాలి ఒగ్గెయ్యి," అంది అత్త లెచ్చుమి, ఏడుస్తూనే. మోగన పిడికిలి బిగించింది. ఒక్కో వేలూ విడదీశారు.

ఇప్పుడూ అంతే. ఆ మాట వినగానే చెయ్యి మూసుకుపోతుంది. ఉచ్చు తన ఒళ్ళోనే పడుతుంది. గుర్రానికి కూడా విసుగొచ్చింది.

ఏడుపొస్తుంది. కోపమూ వస్తుంది — అతని మీదే. ఏదీ నేర్పకుండా పోయినందుకు.

గురువారం సాయంత్రం. కాలవ ఒడ్డున కెంపి.

బరువైన పొట్ట. ఒళ్ళంతా బురద. గుర్రమే ముందు చూసింది. పాత పని గుర్తొచ్చినట్టు నడిచింది... పరుగందుకుంది. మోగన ఉచ్చు తిప్పింది. పాక్ ఎక్కడో వెనకబడ్డాడు, ఎవరూ అరవలేదు. చెయ్యి దానంతట అదే తెరుచుకుంది.

ఉచ్చు కెంపి మెడలో పడింది.

కెంపి ఒక్క దూకు దూకింది. అరచేతిలో తాడు మండుతూ జారింది. వెనక నుంచి పాక్ కేక —

"లెపాస్! లెపాస్ తాలి!" వేళ్ళు తెగిపోతాయని.

మోగన వదల్లేదు.

"ఒకపాలి ఒగ్గేసినాను పాక్," అంది, ఆయనకి రాని తెలుగులో. "సాలు లా."

నెత్తురు. గుర్రం కాళ్ళు నిగడదన్ని నిలబడింది. కెంపి లాగింది... లాగింది... ఆగిపోయింది.

వెనక్కి తిరిగింది. గుర్రాన్ని వాసన చూసింది. ఆ వాసన దానికి తెలుసు. బెదురు పోయింది, చెవులు నిక్కాయి. తనంతట తనే దగ్గరకొచ్చి, తలెత్తి జీను మీదకి చూసింది.

చూసి, అంబా అంది. మోగనని కాదు. ఆమె వెనక ఇంకెవరో ఉన్నట్టు... మళ్ళీ... మళ్ళీ.

అతనిక రాడని ఎవరో ఒకరు దానికి చెప్పాలి.

చెప్పాల్సింది మోగనే.