గొట్టం బిళ్ళ

కెస్సీ చొక్కా జేబులోని కాగితానికి మడతల దగ్గర అప్పుడే చిరుగు పట్టింది. నాలుగు రోజులుగా తీయడం, చూడడం, మళ్ళీ పెట్టుకోవడం. తెలుగు సంఘం వాళ్ళు నెలనెలా ఇంటింటికీ వేసే పత్రికలో చివరి పేజీ అది. ఆరోగ్యానికీ, పెద్దవాళ్ళ సంరక్షణకూ పనికొచ్చే వెబ్‌సైట్లు అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. వాటి కింద సందు లేకుండా అతుక్కుపోయిన అక్షరాలతో పదకొండు చిరునామాలు. మూడో తరగతితో బడి మానేసిన కెస్సీ వేలు పెట్టి కూడబలుక్కుంటే ఇంగ్లీషు చదవగలడు గానీ, ఈ చిరునామాల్లో వేలు ఎక్కడ ఆపాలో తెలియలేదు. అట్టడుగు వరుస మాత్రం అర్థమైంది. కంప్యూటరు లేనివారు శనివారాలు మా ఇంటికి రావచ్చు, చూసి చెబుతాను అని రాసి, వేణుగోపాలరావు, గ్రీన్‌వుడ్ పార్క్ అని పేరూ, ఫోను నంబరూ ఇచ్చారు.

శనివారం పొద్దున్నే కెస్సీ గడ్డం గీసుకున్నాడు.

"ఎక్కడికి ఎల్తన్నావు, పెళ్ళికొడుకునాగ?" అంది అతని భార్య వల్లీ.

"టౌనుకి."

"టౌనులో ఏటుంది?"

"పనుంది."

"ముప్పైయేళ్ళు బాయిలరు కాడ నిలబడి ఈ మనిషి నోరంతా ఆవిరైపోనాది," అంది వల్లీ కూతురితో. శివోనా నవ్వింది. కెస్సీ నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు.

వల్లీకి మూర్ఛ తిరగబెట్టింది. నిరుడు పక్షవాతం వచ్చి కొంత తేరుకున్నాక మొదటిసారి మూర్ఛ వచ్చింది. ఆసుపత్రిలో గొట్టం బిళ్ళలు, అదే క్యాప్సూళ్ళు, రాసిచ్చారు. అవి మొదలుపెట్టాక ఏడాదిపాటు మళ్ళీ ఆ ఊసు లేదు. అలాంటిది ఈ మూడు వారాల్లో మూడుసార్లు పడింది. ఒకసారి పెరట్లో. ఒకసారి స్నానాల గదిలో, నుదురు పగిలింది. మూడోసారి గంగమ్మ పూజ దగ్గర. ఆమె ఊగిపోతుంటే అమ్మవారు పూనిందని పక్కింటి వాసీ కాళ్ళకు పసుపునీళ్ళు పోసి హారతి పట్టింది. వల్లీ నాలుక కొరుక్కుని నోటి వెంట నెత్తురు వచ్చేదాకా అందరూ అమ్మవారేననుకున్నారు. కెస్సీ కూడా చేతులు జోడించి నిలబడ్డాడు.

క్లినిక్కుకు తీసుకెళ్ళాడు. నల్లవాళ్ళకు కూడా ఓట్లు వచ్చిన ఈ నాలుగేళ్ళలో, రంగు చూడకుండా అక్కడ అందరికీ ఒకటే వరుస అయింది. మంచిదే. కానీ ఆ వరుస గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. అయిదు గంటలు నిలబడ్డాక నర్సు అడిగింది, బిళ్ళలు సరిగ్గా పడుతున్నాయా అని. నా చేత్తోనే ఇస్తన్నాను అన్నాడు కెస్సీ. అయితే చాలడం లేదన్నమాట అని పొద్దుటికి ఒకటి ఉన్నది రెండు చేసింది. పెద్ద డాక్టరు నవంబరు చివర చూస్తాడంది. ఇంకా అక్టోబరు రెండో వారమే. అప్పటిదాకా ఈ మనిషి నిలుస్తుందా? మందు వేస్తున్నా జబ్బు ఎందుకు పెరుగుతోంది? ఆ ప్రశ్న కెస్సీని కూర్చోనివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు.

బయల్దేరేముందు రెండు గొట్టం బిళ్ళలు వల్లీ అరచేతిలో పెట్టాడు. ఆమె కర్ర ఊతంతో లేచింది.

"తులసికి నీళ్ళు పోసి, ఆ తీర్థంతోనే యేసుకుంటాను."

తమిళులను చూసి ఇక్కడి తెలుగువాళ్ళూ నియమంగా ఉండే పురటాసి నెల మొదలైనప్పటి నుంచీ అలాగే చేస్తోంది. అంతకుముందు బల్ల దగ్గరే మింగేది. ఈ నెలలో ఇంట్లో నీచు వండరు. మాంసం వండే గిన్నెలు మూటగట్టి గరాజులో పెడతారు. కెస్సీ పనిచేసింది పశువుల ఎముకలు ఉడికించి గెలటిన్ తీసే ఫ్యాక్టరీలో. ముప్పైయేళ్ళూ పురటాసి వస్తే చాలు, అతను పెరటి కుళాయి దగ్గర తలంటుకుని, బట్టలు అక్కడే వదిలి, తువ్వాలు చుట్టుకుని గడప దాటాల్సిందే. వల్లీ నియమం అంటే నియమమే. ఆ నియమం మందుకు కూడా తులసి తీర్థం తోడు చేసుకుందని కెస్సీ సంతోషించాడు.

శివోనా చేతికి రావుగారి ఫోను నంబరు ఇచ్చాడు.

"ఏదన్నా అయితే ఇది కొట్టు. తాళాల గుత్తి, స్పూను మంచం పక్కనే ఉంచు."

"ఓకే, నాన్నా. అన్నీ ఉన్నాయి. నువ్వు పో, నేను చూసుకుంటా."

తాళాల గుత్తి పిడికిట్లో పెట్టడానికి, స్పూను పళ్ళ మధ్య పెట్టడానికి. వాసీ చెప్పిన వైద్యం అది. తాతల నాటి నుంచీ అదే వైద్యం.

తాముండే మెరీబ్యాంక్ నుంచి టౌనుకి ఒక బస్సు, టౌను నుంచి గ్రీన్‌వుడ్ పార్క్‌కు ఇంకొకటి. పేటను ఆనుకున్న రిఫైనరీ పొగ వెనకబడేదాకా కెస్సీ కిటికీలోంచి వెనక్కే చూశాడు. ప్రతి స్టాపులోనూ దిగిపోయి ఇంటికి వెళ్ళిపోదామా అనిపించింది. రెండో బస్సులో సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు.

వేణుగోపాలరావు ఏలూరు నుంచి ఈ దేశం వచ్చి రెండేళ్ళయింది. టౌనులో ఏదో ఆఫీసులో కంప్యూటరు పని. మనిషిని చూడగానే "రండి రండి, లోపలికి రండి, కాఫీ తాగుతారా?" అన్నాడు. అంత నున్నటి తెలుగు విని కెస్సీకి నోరు ఇంకా బిగుసుకుపోయింది. కుర్చీ అంచున కూర్చుని కాగితం చాపాడు.

"మా యింటిదానికి మూర్ఛ. మందేస్తన్నా ఆగట్లేదు. ఎందుకని?"

దారంతా కూడగట్టుకున్నది ఆ మూడు ముక్కలే.

రావుగారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్కన ఫోను తీగ తగిలించి ఉన్న చిన్న పెట్టె పిల్లి తోక తొక్కినట్టు అరిచి, గురగురమని, ఊరుకుంది. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి తీరిగ్గా దిగుతోంది. కెస్సీ మోకాలు ఆగకుండా ఊగుతోంది.

మొదట తగిలింది ఒక వేరు పొడి. ఇరవై ఒక్క రోజుల్లో మూర్ఛ మాయం అని పైన ఎర్రటి అక్షరాలు.

"ఇది దొరుకుద్దా ఇక్కడ?" కెస్సీ ముందుకు వంగాడు.

"ఆగండి, మావా. ముందు పేజీ అడుగున చూడాలి. రాసింది ఎవరు, ఎప్పుడు రాశారు, మనకేమన్నా అమ్మజూస్తున్నారా. ఇదిగో, డాక్టరు పేరు లేదు, తేదీ లేదు. డబ్బు కట్టే చోటు మాత్రం మూడుచోట్ల ఉంది."

"అయితే దొంగలా?"

"ఏమో. నేనైతే మా అమ్మకు వెయ్యను."

కెస్సీకి ఆ మాట బాగా ఎక్కింది. ఫ్యాక్టరీలో కూడా అంతే. డబ్బా మీద ముద్ర లేకపోతే సరుకు గేటు దాటేది కాదు.

కాగితంలో నాలుగో చిరునామా మూర్ఛరోగుల కోసం పనిచేసే ఒక విదేశీ సంఘానిది. పేజీ అడుగున డాక్టర్ల పేర్లున్నాయి, ఈ ఏడాది తేదీ ఉంది. అమ్మేదేమీ లేదు. ఒక పేజీ వచ్చింది, దాన్ని నొక్కితే ఇంకోటి, దాన్నించి ఇంకోటి. రావుగారు చదివి తెలుగులో చెబుతున్నాడు. ఆగిన మూర్ఛ మళ్ళీ ఎందుకొస్తుంది? జ్వరం రావచ్చు. నిద్ర చాలకపోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా, మందు మానేసి ఉండవచ్చు.

"మాననేదు. నా చేత్తో ఇస్తన్నాను."

"ఇవ్వడం సరే, మావా. మింగడం చూస్తున్నారా?"

రావుగారు కిందికి చదువుకుంటూ పోయాడు. ఉపవాసాల వల్లో, మతనియమాల వల్లో కొందరు మందు ఆపేస్తారు. గొట్టం బిళ్ళల తొక్కను చాలావరకు జంతువుల ఎముకల నుంచీ, తోలు నుంచీ తీసిన గెలటిన్‌తో చేస్తారు. అది పడనివాళ్ళు తమంతట తాము మానకూడదు. మందుల షాపులో అడిగితే అదే మందు వేరే రూపంలో ఉందేమో చూస్తారు.

కెస్సీ మోకాలు ఆగిపోయింది.

పురటాసి మొదటి రోజు భోజనాల దగ్గర వల్లీ, ఈ నెల పోయేదాకా ఈ ఇంట్లో నీచు గాలి కూడా దూరకూడదు అంది. ఏ రోజూ నోరు విప్పని కెస్సీకి ఆ రోజు ఎందుకో సరదా పుట్టింది. ఆమె అరచేతిలోని బిళ్ళను చూపించి, "మరి ఇదేటి? ఈ తొక్క నేను ముప్పైయేళ్ళు ఉడకేసిన ఎముకల బంకే కదా," అన్నాడు. శివోనా విరగబడి నవ్వింది. కెస్సీ కూడా నవ్వాడు. వల్లీ నవ్విందో లేదో అతను చూడలేదు. మర్నాటి నుంచే తులసి తీర్థం మొదలైంది.

"నేనే సెప్పాను," అన్నాడు కెస్సీ.

"ఏం చెప్పారు?"

"తులసి కుండీలో ఉన్నాయి బిళ్ళలన్నీ. రెండేసి, రెండేసి." లేచి నిలబడ్డాడు. "బాబూ, ఫోను. ఇంటికి ఫోను కొట్టాల."

"ఒక్క నిమిషం. ఇంటర్నెట్టు ఆపితేగానీ ఫోను రాదండి. రెంటికీ ఒకటే లైను."

కెస్సీకి అది అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అయితే మా యింటి కాణ్ణుంచి ఇప్పుడు ఎవలన్నా కొడితే?"

రావుగారి ముఖం మారింది. "ఎంగేజ్ వస్తుంది," అన్నాడు మెల్లగా.

గోడ గడియారం ప్రకారం అది మొదలుపెట్టి నలభై నిమిషాలు. రావుగారు ఏదో నొక్కాడు. చిన్న పెట్టె మీద దీపం ఆరింది. అది ఆరీ ఆరగానే ఫోను మోగింది. కెస్సీయే ఎత్తాడు.

"నాన్నా! ఎంతసేపు కొట్టాలి! ఎంగేజ్, ఎంగేజ్!" శివోనా ఏడుస్తోంది. "అమ్మ షేక్ అవుతోంది. పళ్ళు బిగుసుకుపోయాయి, స్పూను పోవట్లేదు. వాసీ ఆంటీ తోస్తోంది, పోవట్లేదు!"

రావుగారు అతని భుజం పట్టుకుని తెరవైపు తిప్పాడు. ఇంటర్నెట్టు పోయినా, ముందు తెరిచిన పేజీలు పోలేదు. రావుగారు ఒక పేజీ వెనక్కి వెళ్ళాడు. మూర్ఛ వచ్చినప్పుడు చేయాల్సినవి, చేయకూడనివి. రావుగారు ఒక్కొక్క వరుసా తెలుగులో చెబుతుంటే కెస్సీ ఫోనులోకి అరిచాడు. ఆ గొంతు తనదేనా అని తనకే తెలియలేదు.

"స్పూను తీసెయ్యి! నోట్లో ఏటీ పెట్టొద్దు! వాసీని అవతలికి లాగు!"

"ఆంటీ, లీవ్ ఇట్! తీసెయ్! ఆ, తీశాం. కీస్?"

"తాళాలూ వొద్దు. చేతులు పట్టుకోవద్దు. తల కింద తువ్వాలు పెట్టు. పక్కకి తిప్పు, పక్కకి. సొంగ బయటికి పోవాల. గడియారం చూడు. ఎంతసేపయింది?"

"తెలీదు. నీకు కొట్టి కొట్టి... సెవెన్, ఎయిట్ మినిట్స్."

అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు అని ఉంది తెర మీద.

"వాసీని తనింటికి పరిగెత్తమను! అక్కడి ఫోనుతో అంబులెన్సు పిలవమను! నువ్వు కదలొద్దు. మాటాడతా ఉండు. నేను మాటాడతా ఉంటాను."

మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో తర్వాత అతనికి గుర్తులేదు. అంబులెన్సు హారను ఫోనులోంచి వినిపించేదాకా మాట్లాడాడు. రావుగారు కారు తాళాలు తీసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

వల్లీ కళ్ళు తెరిచింది మర్నాడు మధ్యాహ్నం. వార్డులో పక్క మంచాల వాళ్ళకు చుట్టాలొచ్చి ఒకటే గోల. నాలుక వాచి ఆమె మాట ముద్దగా వస్తోంది.

"తులసి కుండీ చూసాను," అన్నాడు కెస్సీ. "శివోనా తవ్వింది. తొక్కలు కరిగిపోయి మందంతా మట్టిలో ఉంది."

"నీకెవలు సెప్పారు?"

"కంప్యూటరు."

"కంప్యూటరుకి నా తులసి కుండీ ఎలా తెలిసినాది?"

కెస్సీ తల వంచుకున్నాడు. "మింగనని నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"మింగావా అని నువ్వెప్పుడన్నా అడిగావా? చేతిలో పెడతావు, పోతావు." వల్లీ కొంచెంసేపు ఆయాసపడింది. "నెలేగా అనుకున్నాను. నెలకి సచ్చిపోతానేటి అనుకున్నాను. ఇంకా వారమే ఉన్నాది."

మంచం పక్క బల్ల మీద కొత్త సీసా ఉంది. నారింజ రంగు మందు. గొట్టం బిళ్ళ బదులు ఇది పట్టమని డాక్టరు చెప్పి వెళ్ళాడు. కెస్సీ స్పూనులో పోసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. వల్లీ పెదవులు బిగించింది.

"ఇందులో ఏటుంది?"

కెస్సీ సీసా తిప్పి చూశాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మందును మళ్ళీ సీసాలో పోసి, మూత పెట్టి, లేచాడు.

ఆసుపత్రి మందుల కిటికీ ముందు వరుస చాలా పొడుగ్గా ఉంది. గంటసేపు అందులో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాడు. కిటికీ వెనక ఒక జులూ అమ్మాయి, తెల్లకోటు. కెస్సీ సీసా ముందుకు తోసి, తనకొచ్చిన ఇంగ్లీషులో, వరుసంతా వినేంత గట్టిగా అడిగాడు.

"ఇందులో పశువుది ఏదన్నా ఉందా? మొత్తం చదివి చెప్పమ్మా. నా భార్యది ఉపవాస నియమం, నీచు ముట్టదు."

వెనకవాళ్ళెవరో విసుక్కున్నారు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. కళ్ళజోడు పైకి జరుపుకుని సీసా మీది చీటీ అంతా చదివింది. లోపలికి వెళ్ళి లావుపాటి పుస్తకం తెచ్చి అందులోనూ చూసింది. పంచదార, నీళ్ళు, రంగు, వాసన, మందు. ఎముకల బంక లేదు, జంతువుది ఏదీ లేదు అంది. "మీ ఆవిడ అడగమన్నది మంచి ప్రశ్న, బాబా," అని తమ భాషలో తండ్రిని పిలిచినట్టు పిలిచి మరీ అంది.

కెస్సీ వార్డులోకి దాదాపు పరిగెత్తాడు.

"నేదు. ఎముక నేదు."

"నువ్వు సదివావా?"

"నేను సదవనేదు. సదివించాను. ఎవలు రాసారో, ఏ యేడు రాసారో, అదీ అడిగాను. ఆ పిల్ల రెండుచోట్ల చూసింది. ముందు సీసా మీద. తరవాత ఒక పుస్తకం, ఇంత లావు..." అని చేతులతో కొలత చూపిస్తూ, వరుసలో నిలబడ్డ దగ్గరి నుంచి మొదలుపెట్టి, మధ్యలో రావుగారి ఇంటికి వెళ్ళి, వేరు పొడి అమ్మేవాళ్ళ దగ్గర ఆగి, మళ్ళీ బస్సులోకి వచ్చి, తడబడుతూ చెప్పుకుంటూ పోయాడు.

వల్లీ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"సాల్లే," అంది చివరికి. "మందు ఇటియ్యి."

కెస్సీ స్పూను నింపాడు. వల్లీ నోరు తెరిచింది. ఆమె గొంతు కదిలేదాకా అతను కళ్ళు తిప్పలేదు.

"మింగావా?" అని అడిగాడు.