బొంతల దొంతర వెనక

పాము మా గుడారంలోకి వచ్చిన పొద్దున అమ్మ పిండి ముక్కలు వేయిస్తోంది. చెల్లెలు పెరిజాత్‌కి కమ్మలు పెట్టడానికి మధ్యాహ్నం మగపెళ్లివారు వస్తున్నారు. కొండల్లో గొర్రెలు మేపుకునే మా వాళ్లలో కాబోయే అత్త పిల్ల చెవులకు కమ్మలు పెట్టిందంటే మాట ఖాయమైనట్టే. ఆ తర్వాత కాదనడం రెండు వంశాలకూ తలవంపు.

నేను బయట టీ నీళ్లు కాచే సమోవార్‌లో బొగ్గులు వేస్తున్నాను. అమ్మ కేకేమీ పెట్టలేదు.

"నాజికా, కాసిని పాలు పట్రా" అని మామూలుగానే పిలిచింది.

వెళ్లి చూస్తే పొయ్యి పక్కన బూడిదరంగు పాము తల ఎత్తి ఉంది. ఇంట్లోకి వచ్చిన పామును మేము చంపం. తల మీద పాలు పోసి దారి వదులుతాం. తెల్లనిది పోస్తే వచ్చింది చల్లగా వెళ్తుందని నమ్మకం. అమ్మ గిన్నె వంచి, "వచ్చావు, చూశావు, క్షేమంగా వెళ్లిరా" అంది.

పాము గుమ్మం వైపు వెళ్లలేదు. వెనక్కి తిరిగి, గుమ్మానికి ఎదురుగా పెద్దలను కూర్చోబెట్టే చోటికి పాకి, అక్కడ పేర్చిన బొంతల దొంతర వెనక్కి దూరింది.

అమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పాలు పోస్తే పోవాలి గదే. ఉండిపోతే ఏమనుకోవాలి?"

మా ఇంట్లో ఏదైనా అంతుబట్టకపోతే నన్నే అడుగుతారు. మా వాళ్లలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మందుల చీటీ అయినా, టీకాలు వేసే డాక్టరు చెప్పిన మాటైనా నేనే వివరించాలి. బడిలో జీవశాస్త్రం చెబుతాను కూడా.

"విషం లేని పామేనమ్మా. తోక సన్నగా పొడుగ్గా ఉంది చూశావా. మన కొండల్లో విషప్పాము తోక పొట్టిగా ఉంటుంది."

"అది ఏ పామని నేనడిగానా? ఎందుకొచ్చిందో చెప్పు."

అది నాకు తెలియదు.

గొర్రె మాంసం భుజాన వేసుకుని వచ్చిన అసాన్‌కుల్ పెదనాన్న సంగతి విని గడ్డం నిమురుకున్నాడు. "సిరి వచ్చి పెద్దల చోట కూర్చుంది. ఇంకేం కావాలి?" అన్నాడు. కాసేపాగి తనే నవ్వాడు. "మన పన్నెండు జంతువుల ఏళ్ల లెక్కలో పెళ్లికొడుకు సమాత్ పాము ఏట పుట్టాడు, మన పిల్ల ఎలుక ఏట పుట్టింది. పాము ముందే వచ్చి తన ఎలుకని చూసుకుంటోందేమో."

"బావగారూ, శుభమా అని కమ్మలు పెడుతుంటే ఎలుకలూ పాములూ ఏమిటి?" అంది అమ్మ.

"నేనా తెచ్చాను దాన్ని?"

దొంతర విప్పి వెతుకుదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. సంబంధం కలుపుకునే రోజున బొంతలు విప్పితే కాపురం విప్పినట్టేనట.

కాలేజీలో ఒక మాస్టారు జంతువుల గురించి మనుషులు అల్లుకున్న కథలన్నీ చెప్పేవారు. ఒక దేశంలో పాము మందుకు గుర్తు, ఇంకో దేశంలో పాపానికి. ఒకచోట భూమిని మోస్తుంది, మరోచోట నిధికి కాపలా కాస్తుంది. పట్నంలో నేను అద్దెకున్న ఇంటి రష్యన్ ముసలావిడ, నా పెట్టెలో గుడ్లగూబ ఈకలు చూసి చావు తెచ్చావేమిటని తిట్టింది. అవి మా అక్క బిడ్డ ఉయ్యాలకి కడదామని కొన్నవి, దిష్టి తగలకుండా. అప్పుడు నవ్వుకున్నాను. కథలు వేరు, జంతువు వేరు అని పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ దొంతర దగ్గరికి వెళ్లినప్పుడల్లా నాకు తెలియకుండానే తలగుడ్డ సర్దుకుంటున్నాను, పెద్దవాళ్ల ముందు సర్దుకున్నట్టు.

వాగు దగ్గర గిన్నెలు కడుగుతుంటే పెరిజాత్ పక్కన చతికిలబడింది.

"అక్కా, అది చెడు శకునమని చెప్పవా? నువ్వు చెబితే నమ్ముతారు."

"సమాత్ మంచివాడు కాదా?"

"మంచివాడే. చెడ్డవాడైతే నేనే చెప్పేదాన్ని. నాకు నర్సు చదువు చదవాలనుంది. మన నాన్న సమాత్ వాళ్ల నాన్నకి మాటిచ్చేశాడు. నన్నెవరూ అడగలేదు."

"మరి అబద్ధమాడమంటావా?"

"అబద్ధమని నీకెలా తెలుసు?" అంది పెరిజాత్.

గిన్నెలు రెండోసారి కడిగాను. నన్ను చదివించడానికి నాన్న తన గుర్రాన్ని అమ్మాడు. ఆయన మాట పోకూడదు. చెల్లెలి చదువూ పోకూడదు. ఈ రెండూ పోకుండా పాము ఏం చెప్పగలదో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మధ్యాహ్నం మగపెళ్లివారు వచ్చారు. సమాత్ తల్లి కానిమ్‌గుల్‌ని అమ్మ పెద్దల చోటే కూర్చోబెట్టింది, సరిగ్గా దొంతరకు ముందు. మరోచోట కూర్చోబెడితే అవమానం. టీ అయింది, మాంసం అయింది. ఆవిడ తెల్ల రుమాలు విప్పి కమ్మలు చేతిలోకి తీసుకుంది. పెరిజాత్ తల వంచింది.

అప్పుడు పాము బయటికొచ్చింది. తల మీద పాలు ఎండి తెల్లగా మచ్చకట్టి ఉన్నాయి. ఆవిడ మోకాలి పక్కగా వచ్చి, భోజనానికి నేల మీద పరిచిన గుడ్డ అంచున ఆగింది.

ఎవరూ కదల్లేదు.

"దీనికి పాలు ముందే పోశారా?" అంది కానిమ్‌గుల్, కమ్మ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి.

"పొద్దున పోశాం వదినగారూ. అయినా వెళ్లలేదు" అంది అమ్మ.

"మా పుట్టింట్లో పాము వస్తే భాగ్యమంటారు. మా అత్తగారింట్లో పగవాడు వస్తాడంటారు. ఇన్నేళ్లయినా పాముని చూసి సంతోషించాలో ఏడవాలో నాకు తెలీదు. పాలు పోసినా పోని పాము గురించి అసలు వినలేదు."

"చదువుకున్న పిల్ల ఉందిగా" అన్నాడు పెదనాన్న. "చెప్పమ్మా. దీనర్థమేమిటి?"

అందరూ నా వైపు తిరిగారు. నాన్న కూడా. పెరిజాత్ తల ఎత్తలేదు. చెడు అని ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది. కాని అది నిజంగానే మంచికి వచ్చి ఉంటే? అసలు దేనికీ రాకపోయి ఉంటే?

"నాకు తెలీదు పెదనాన్నా" అన్నాను. "రాత్రి మంచు పడింది, వెచ్చదనానికి వచ్చి ఉంటుంది. అంతకు మించి నేనేం చెప్పినా కల్పించి చెప్పినట్టే. పొద్దుటినుంచి అందరం పామునే అడుగుతున్నాం. కమ్మలు పెరిజాత్ చెవులకు గదా. పిల్లనొకసారి అడగండి."

నాన్న ముఖం నల్లబడింది. కానిమ్‌గుల్ చెయ్యి దించింది.

"ఏమ్మా, చెప్పు" అంది.

"చదువుకుంటాను అత్తయ్యా" అంది పెరిజాత్, నేలనే చూస్తూ. "ఇప్పుడు పెళ్లి వద్దు."

కానిమ్‌గుల్ కమ్మల్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంది. టీలో కలిపే పాల గిన్నె అందుకుని, వంగి, పాము తల మీద రెండు చుక్కలు వంచింది. ఈసారి అది పరిచిన గుడ్డ పక్కగా, నాన్న బూట్ల పక్కగా, గుమ్మం దాటి గడ్డిలోకి వెళ్లిపోయింది.

వాళ్లు లేచారు. రొట్టె ముట్టకుండా గుమ్మం దాటితే రాకపోకలు తెగినట్టే. అమ్మ రొట్టె పళ్లెం చాచి నిలబడింది. కానిమ్‌గుల్ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నాన్నని చూసి, "మాటిచ్చింది మీరూ మా ఆయనా. పిల్లని అడగాల్సింది నేను, అడగలేదు" అని గుర్రమెక్కింది.

నాన్న ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. పెరిజాత్ బొంతల్ని ఒక్కొక్కటే విప్పి దులిపింది. కింద ఏమీ లేదు.

"ఇంతకీ మంచికొచ్చిందా, చెడుకొచ్చిందా?" అని అమ్మ మళ్లీ నన్నే అడిగింది.

తెలియదన్నాను. మర్నాడు నేను లేచేసరికి గుమ్మం పక్కన ఒక చిన్న గిన్నెలో పాలున్నాయి. అమ్మ పెట్టిందా అని అడిగితే కాదంది. పెరిజాత్ కూడా కాదంది. నాన్న అప్పటికే గొర్రెల వెంట కొండెక్కాడు.