హెట్టీ కలుపు చేను

హెట్టీ గార్టన్ చేను చూసి నవ్వని మనిషి ఇంగ్లండులోని ఆ యార్క్‌షైర్ గుట్టల మీద లేడు. చర్చికి పోయే దారి దాని పక్కనుంచే మరి! ఆదివారం పూట ముసలమ్మలు సైతం ఆగి, ముక్కున వేలేసుకుని, "పాపం, హెట్టీకి చూపు మందగించినట్టుంది" అనుకుంటూ పోయేవారు.

అక్కడ వేటపిట్టలను కాచి పెంచేవాళ్లకు పిట్టల చేనంటే పరువు. హెట్టీదీ అదే పని. ఆవాలు, కేల్ అనే ఆకుకూర, చిరుధాన్యాలు కలిపి వేస్తారు. పిట్టలకు నీడా, చలికాలం మేతా అదే. ఎవరి చేను శుభ్రంగా ఉంటే వాళ్లకు సారాకొట్లో మర్యాద. హెట్టీ మాత్రం తక్కువ తిందా? నిరుడు తమ్ముడి గోధుమ పొలం అంచున వేసిన చేనుకు కలుపు మందు కొట్టి అద్దంలా ఉంచింది. ఊరంతా మెచ్చుకుంది. ఆ గుట్టల మీద మిగిలిన ఒకే ఒక్క బూడిదరంగు కౌజు పిట్టల జంట కంచె కింద గుడ్లు పొదిగింది. పిల్లలు బయటికొచ్చిన వారం తిరక్కుండా ఒక్కొక్కటే రాలిపోయాయి. నక్క పట్టలేదు, గద్ద తన్నలేదు. చచ్చిన పిల్లను అరచేతిలో పెట్టుకుని పొట్ట తడిమితే ఏముంది, ఖాళీ! పసి కౌజుకు గింజ అరగదు, పురుగు కావాలి. కలుపు మొక్కే లేని చేలో పురుగెక్కడిది? వాటిని మాడ్చి చంపింది తానేనని తెలిసి హెట్టీకి ఎన్నాళ్లో తిండి సహించలేదు.

అందుకే ఈ ఏడు మందు డబ్బా ముట్టుకోలేదు. గింజ చల్లి, మొలిచిందల్లా మొలవనిచ్చింది. చేను పక్కనే ఒక చాలు మాత్రం బోడిగా దున్ని ఉంచింది, వానకు తడిసిన పిల్లలు ఎండలో ఆరడానికి.

తమ్ముడు క్లెమ్‌కు ఒళ్లు మండింది.

"అక్కా, ఇది చేనా, చెత్తకుప్పా? దీని విత్తనాలన్నీ నా గోధుమలో రాలితే ఎవరు పీకుతారు?"

"నేనే పీకుతాలే. ఏడవకు."

"అయితే విను. కోతలు అయ్యేలోగా ఒక్క కౌజు పిల్లను చూపించు. లేదా మొత్తం దున్నేసి గోధుమ వేసేస్తా. మళ్లీ పిట్టలూ గిట్టలూ అంటూ నా దగ్గరికి రాకు."

"అట్లాగే కానీరా! నీ గోధుమ నువ్వే కట్టుకుపో!"

నోరైతే చేసుకుంది గానీ, భయం లేకపోలేదు. ఆ జంట ముసలిదైపోతోంది. ఈసారి పిల్లలు బతక్కపోతే ఆ గుట్టల మీద కౌజు కూత ఇక వినబడదు.

మే నెలలో ట్రాక్టర్ డ్రైవర్ బార్నీ గోధుమకు మందు కొడుతూ, చేను వైపు తిరిగి పళ్లికిలించాడు. "ఒక్క విసురు విసరనా పెద్దమ్మా? నీ పరువు దక్కుతుంది!"

హెట్టీ వెళ్లి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడింది. "విసురు, చూస్తాను. ముందు నా మీద పొయ్యి!"

బార్నీ బండి తిప్పుకున్నాడు.

జూన్‌లో, సరిగ్గా పిల్లలు బయటికొచ్చే వేళకు, వాన పట్టుకుంది. పట్టిందంటే మామూలుగానా! కిటికీ దగ్గర కూర్చుని హెట్టీ ఆకాశాన్ని తిట్టని తిట్టు లేదు. తెరిపిచ్చాక బోడి చాలు వెంట ఎంత వెతికినా ఈక కూడా దొరకలేదు. జూలైలోనూ అంతే. పోయాయి కాబోలనుకుంది.

ఆగస్టులో గోధుమ కోత మొదలైంది. చివరికి పొలం నడుమ సన్నటి పట్టీ మిగిలింది. పడమట నల్లమబ్బు దిగుతోంది. క్లెమ్ కోత మిషను మీద పరుగులు పెడుతున్నాడు. అక్కడ ఆఖరి పట్టీ కోసేటప్పుడు లోపల దాక్కున్న జంతువులేమొస్తాయోనని జనం గట్టున చేరడం అలవాటు. హెట్టీ వాళ్లకు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడింది.

ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది.

"అక్కా! అక్కోయ్! కదలకు!" క్లెమ్ పైనుంచి కేకేశాడు.

గోధుమ లోంచి కౌజు పుంజు ముందు బయటికొచ్చింది. మెడ నిక్కించి అటూ ఇటూ చూసింది. వెనక పెట్ట. ఆ వెనక పిల్లలు! బలిసిన పిల్లలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, కోసిన మోళ్ల మీదుగా చిందులేస్తూ తిన్నగా కలుపు చేలోకి దూరిపోయాయి. హెట్టీ లెక్కపెట్టబోయింది. కళ్లలో నీళ్లు అడ్డొచ్చాయి. "బతికాయిరా! నా తల్లులు బతికాయిరా!" అని అరిచి, పక్కకొచ్చిన బార్నీ వీపు మీద ఒక్కటి చరిచింది. వాడు అబ్బా అని నవ్వాడు. గట్టు మీద ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

క్లెమ్ కిందికి దిగి టోపీ తీశాడు. "లోపల ఇంకా మిగిలి ఉంటాయా?"

"ఉండొచ్చు."

"అయితే ఈ పట్టీ కొయ్యను. వచ్చే ఏడు ఎంత మేర కావాలి నీకు?"

"ఆ కంచె దాకా."

"అమ్మో! కలుపుతో సహానా?"

"కలుపుతో సహానే!"

తొలి చినుకు పడింది. పండిన గోధుమ తడిసిపోతుందని బార్నీ గొడవ పెడుతున్నా, క్లెమ్ మిషను తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.