ఏమో డబ్బా

ఊళ్ళో పిల్లలందరికీ దారి చూపించే మనిషి ఇంట్లోనే పిల్లకి దారి దొరకడం లేదు. ఈ సంగతి బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా!

ఆవిణ్ణి అందరూ కౌన్సెలరమ్మ అంటారు. పెద్ద కాలేజీలో లైబ్రరీ పక్కన ఆవిడ గది. పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచీ ఆ గది బయట బెంచీల మీద తల్లులూ తండ్రులూ, వాళ్ళ మధ్య నలిగిపోతూ పిల్లలూ కూర్చుని ఉంటారు. ఏం చదవాలి, చదివితే ఏం ఉద్యోగం వస్తుంది? ఎంతమంది వచ్చినా ఇవే రెండు ప్రశ్నలు. ఆవిడ ఎవరినీ విసుక్కోదు. ఆ విసుగంతా జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంటుంది, అది వేరే విషయం.

ఆవిడ దగ్గర ఒక కార్డుల కట్ట ఉంది. ఒక్కో కార్డు మీద ఏదో ఒక పని చేస్తున్న మనిషి బొమ్మ. వంతెన కింద నిలబడి కొలతలు తీసేవాడు, సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసేది, ఏడుస్తున్న మనిషి పక్కన కూర్చుని మాట్లాడేది, ఇలాంటివి. పిల్లలు ఒక్కో బొమ్మా చూసి మూడు డబ్బాల్లో వెయ్యాలి: ఇష్టం, అయిష్టం, ఏమో. ఏమో డబ్బా కావాలనే చిన్నది పెట్టింది. "అందులో పట్టినన్నే వెయ్యాలి నాన్నా. మిగతావాటి మీద మనసు విప్పాల్సిందే" అంటుంది. అంతా అయ్యాక కార్డులు తిరగేసి, వెనక ఉన్న రంగు చుక్కలు చూసి, "నీకు లెక్కల వైపు మొగ్గు" అనో "నీది మనుషులతో పని" అనో తేల్చేస్తుంది. చాలాసార్లు సరిగ్గానే తేలుస్తుంది. అందుకే ఆ బెంచీలు ఖాళీగా ఉండవు.

ఇక కూతురు. ఇంట్లో ఆ పిల్లని జడ్జిగారు అంటారు. చిన్నప్పుడు వీధిలో పిల్లలు కొట్టుకుంటే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఇద్దరూ చెప్పేది విని తీర్పు ఇచ్చేది. తీర్పు ఎంత బాగుండేదంటే, ఓడినవాడు కూడా బుద్ధిగా ఇంటికి పోయేవాడు. ఇప్పుడు తన కేసే తన ముందుకొచ్చేసరికి జడ్జిగారికి వాయిదాలే వాయిదాలు.

యూనివర్సిటీలో సీటు వచ్చింది. మూడింటిలో ఒకటి ప్రధాన సబ్జెక్టుగా ఎంచుకోమన్నారు: గణాంక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, భూగర్భ శాస్త్రం. మంగళవారం సాయంత్రంలోగా వెబ్‌సైట్‌లో నొక్కాలి. ఒకసారి నొక్కాక మార్చుకోవడానికి లేదు. నొక్కకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

శనివారం పొద్దున కౌన్సెలరమ్మ భోజనాల బల్ల తుడిచి, మూడు డబ్బాలూ పెట్టి, కార్డుల కట్ట కూతురి చేతికిచ్చింది.

"తొందరేం లేదు. తోచింది చెయ్యి. నేను నిన్ను చూడను" అని ఎదురు కుర్చీలో కూర్చుని, చూస్తూనే ఉంది.

కార్డులు టకటకా పడ్డాయి. తిరగేస్తే ఇష్టం డబ్బా నిండా నీలం చుక్కలు. లెక్కలు! కౌన్సెలరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను బీమా కంపెనీలో గణాంకాల విభాగంలో పెద్ద ఉద్యోగి. "ఒరేయ్, నీ మేనకోడలు నీ దారిలోకే వస్తోందిరా" అంది.

సాయంత్రం ఆవిడ భర్త ఇంటికొచ్చాడు. ఆయన డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాడు. రోజంతా ఒక్కో పన్ను రంగు పక్క పన్నుతో కలిపి చూసి చూసి, ఇంటికొచ్చాక ఏ విషయంలోనూ తేడా కనిపెట్టే ఓపిక ఉండదు ఆయనకి. సంగతి విని, "లెక్కలా? మరి మొన్న మనుషులతో మాట్లాడే పనంటే ఇష్టమన్నావు కదమ్మా?" అన్నాడు కూతురితో.

"అవును నాన్నా, అన్నాను" అంది జడ్జిగారు.

"మరి?"

"మరి ఏమో."

ఆదివారం పొద్దున మళ్ళీ కార్డులు. ఈసారి తండ్రి కూడా వచ్చి కూర్చున్నాడు. ఇష్టం డబ్బా నిండా ఎర్ర చుక్కలు, అంటే మనుషులతో పని. ఆయన మొహం వెలిగిపోయింది. కౌన్సెలరమ్మ తల గోక్కుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ పిల్లా ఒక్క రాత్రిలో ఇలా మారిపోలేదు. "నిన్న నిద్ర సరిపోలేదేమో" అని సరిపెట్టుకుని, లెక్కలా మనుషులా అని భర్తతో వాదిస్తూనే మధ్యాహ్నం ఇంకోసారి పెట్టింది. ఆకుపచ్చ చుక్కలొచ్చాయి. మట్టి, నీళ్ళు, రాళ్ళు, చెట్లు. ఆవిడకి కార్డుల మీదే అనుమానం వచ్చింది. కార్డులు తడిశాయా, చుక్కలు చెరిగాయా అని కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ వెలుతురులో పట్టి చూసింది.

"కార్డుల్లో తప్పేం లేదమ్మా" అంది జడ్జిగారు గిన్నెలు తుడుస్తూ. "ఆ చుక్కలు పెట్టింది నేనేగా."

"ఏంటీ?"

"నువ్వు ఈ కార్డులు తయారుచేసేటప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నువ్వు రంగులు చెప్తుంటే నేను స్కెచ్ పెన్నుతో పెట్టాను. మర్చిపోయావా? తర్వాత సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడాలని ముందు నాకే ఇచ్చావు. సెలవులొచ్చిన ప్రతిసారీ ఇచ్చావు. నాకవి కంఠతా వచ్చు. నీకు ఏ రంగు కావాలో చెప్పు, అది తెప్పిస్తాను."

కౌన్సెలరమ్మ చేతిలో కార్డు బల్ల మీద పెట్టేసింది. నిజమే, కార్డులు తయారవుతుంటే ఆ పిల్ల పక్కనే కూర్చునేది. నాలుక కొస బయటపెట్టి శ్రద్ధగా చుక్కలు పెట్టేది. ఆ ముద్దులో పడి, పరీక్ష రాయాల్సిన పిల్ల చేతే జవాబులు పెట్టించానన్న ఆలోచనే రాలేదు ఆవిడకి.

"మరి మోసం చేశావేంటే?"

"మోసం కాదమ్మా. నిజంగా నాకు తెలీదు." జడ్జిగారు గుడ్డ భుజాన వేసుకుని తల్లి ఎదురుగా నిలబడింది. "చిన్నప్పుడు మొదటిసారి లెక్కలు వచ్చినప్పుడు నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నావు. రాళ్ళూ మట్టీ వచ్చినప్పుడు ఏమీ అనలేదు. ఊరికే కార్డులు సర్దుకున్నావు. అప్పట్నుంచీ నేను బొమ్మ చూడ్డం మానేశాను. కార్డు తీస్తాను, నీ మొహం చూస్తాను, ఏ డబ్బాలో వెయ్యాలో తెలిసిపోతుంది. నాన్న కూర్చుంటే నాన్న మొహం చూస్తాను. మధ్యాహ్నం మీరిద్దరూ గొడవలో పడి నన్ను చూళ్ళేదు. అందుకే మిగిలింది వేశాను."

"మరి నీకేది ఇష్టం?"

"అదే తెలీట్లేదు." ఆ పిల్ల భుజం మీది గుడ్డ తీసి బల్ల మీద పడేసింది. "అందరూ నీకేం ఇష్టం అని అడుగుతారు. లోపల వెతికితే మీరిద్దరే కనిపిస్తున్నారు. నేను లేను."

కౌన్సెలరమ్మకి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. బెంచీల మీద కూర్చునే తల్లిదండ్రులందరికీ ఆవిడ చెప్పే మాటే అది. పిల్లల మీద మీ ఇష్టాలు రుద్దకండి అని. ఇంట్లో ఒక్కరోజు కూడా రుద్దలేదని గర్వం కూడా ఉంది. రుద్దలేదు కూడా. ఊరికే మొహం మార్చింది, అంతే.

ఇక కార్డులు అటకెక్కాయి. సోమవారం సెలవు పెట్టి, కూతుర్ని వెంటేసుకుని, ఎవరి ఉద్యోగం ఎలా ఉంటుందో కళ్ళారా చూపిద్దామని బయల్దేరింది. మొహంలో ఏ భావమూ కనపడకూడదని అద్దం ముందు నిలబడి సాధన చేసింది. భర్త చూసి బెదిరిపోయాడు. "ఎవరన్నా పోయారా?" అని అడిగాడు.

ముందు తమ్ముడి ఆఫీసు. పెద్ద హాలు, వరసగా కంప్యూటర్ తెరలు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. "ఏ వయసువాళ్ళ కారు ఎక్కువ గుద్దుకుంటుందో, ఏ వీధిలో ఇళ్ళకి ఎక్కువ దొంగలు పడతారో మేం ముందే లెక్కగడతాం" అన్నాడు మామయ్య. జడ్జిగారు ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. బ్యాంకుల్లో తీసుకుంటారా, ఆసుపత్రుల్లో వాడతారా, మందుల కంపెనీల్లో పనుంటుందా అని. అన్నింటికీ అవుననే చెప్పాడు. ఉద్యోగాలకి కొదవ లేదన్నాడు. మూల కూర్చుని వింటున్న కౌన్సెలరమ్మ, ఇన్ని ప్రశ్నలు అడుగుతోందంటే ఆసక్తి ఉన్నట్టే అని మనసులో రాసేసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు మామయ్య లిఫ్టు దగ్గర మేనకోడలి చెవిలో, "నన్నడిగితే మనస్తత్వ శాస్త్రం చదువమ్మా. ఈ తెర చూసి చూసి మనుషులకి మొహం వాచిపోయాను" అన్నాడు.

కింది అంతస్తులోనే ఒక క్లినిక్. అక్కడి మానసిక నిపుణురాలికి మామయ్య ముందే చెప్పి ఉంచాడు. ఆవిడ నవ్వుతూ కూర్చోబెట్టి, స్కూళ్ళలో, కంపెనీల్లో, ఆసుపత్రుల్లో ఎక్కడెక్కడ పని దొరుకుతుందో అరగంట వివరించింది. ఆఖర్న నిట్టూర్చి, "రోజంతా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ బాధ వినాలి. అంకెలైతే హాయి, ఏడవవు. పైన మీ మామయ్యది అదృష్టం" అంది. బయటికొచ్చాక తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎటూ తోచక అక్కడే మెట్ల మీద కూర్చుని నవ్వేశారు. నవ్వయ్యాక తికమక మళ్ళీ అలాగే ఉంది.

ఆఖర్న భూగర్భ జలాల ఆఫీసు. కౌన్సెలరమ్మకి అక్కడికి వెళ్ళాలనే లేదు, న్యాయంగా మూడూ చూపించాలి కాబట్టి వెళ్ళింది. వెనక షెడ్డులో పొడవాటి చెక్క పెట్టెలు, వాటిలో గుండ్రటి రాతికడ్డీలు. ఎక్కడ బోరు తవ్వినా లోపలి రాయిని అలా కడ్డీగా తీసి, లోతు వారీగా పెట్టెల్లో పేరుస్తారట. అక్కడి శాస్త్రవేత్త పొట్టిగా, ఎండకి కమిలిపోయి ఉంది. మాటకారి కాదు. ఒక బకెట్టు నీళ్ళు, ఒక గుడ్డ ఇచ్చి, "పొడిగా ఉంటే అన్నీ ఒకలాగే ఉంటాయి. తడిపి చూడు" అని తన పనిలోకి తను పోయింది.

షెడ్డు బయట కిటికీ పక్కన బెంచీ ఉంటే కౌన్సెలరమ్మ అక్కడ కూలబడింది. లోపల జడ్జిగారు నేల మీద చతికిలబడి ఒక కడ్డీ తుడిచింది. బూడిదరంగు రాయిలోంచి ఎర్రటి చారలు బయటికొచ్చాయి. ఇంకోటి తుడిచింది. ఇంకోటి. ఎవరినీ ఏమీ అడగలేదు. ఉద్యోగాలు వస్తాయా అని కూడా అడగలేదు. తల్లి కాసేపు చూసి, విసుగొచ్చి ఏదో చేతులు ఆడిస్తోంది పాపం అనుకుంది. "వెళ్దామా?" అని కిటికీలోంచి పిలిచింది. ఆ పిల్ల తిరగలేదు. అలిగిందనుకుంది. మొత్తానికి ఇది కొట్టేయొచ్చని తీర్మానించింది.

బస్సులో జడ్జిగారు గీతలు పడ్డ వేళ్ళు చూసుకుంటూ, "అమ్మా, అక్కడ నువ్వెక్కడ కూర్చున్నావు?" అంది.

"కిటికీ పక్కనే. పిలిచాను కూడా."

"అవునా? చూళ్ళేదు."

రెండు స్టాపులు పోయాక గానీ ఆ మాట కౌన్సెలరమ్మకి ఎక్కలేదు. చూళ్ళేదు! ఎనిమిదేళ్ళ వయసు నుంచీ తన మొహం చూడకుండా కార్డు వెయ్యని పిల్ల, అంతసేపూ తను అక్కడ ఉన్నట్టే గమనించలేదు. సంతోషించాలో భయపడాలో పాలుపోలేదు. పక్కన కూతురు కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఈ సంగతి చెప్పాలా వద్దా? చెబితే అది మళ్ళీ తను చెప్పినట్టే అవుతుంది. చెప్పకపోతే లెక్కలే ఎంచుకుంటుందేమో. లెక్కలు ఎంచుకుంటే బాగుండునన్న ఆశ కూడా లోపల ఓ మూల కదిలింది, సిగ్గు లేకుండా. స్టాపు రాగానే కూతుర్ని లేపింది గానీ ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ కాలేజీ నుంచి తొందరగా వచ్చేసింది. కూతురు బల్ల ముందు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుని ఉంది. కౌన్సెలరమ్మ చెప్పులు విప్పకుండానే, "నువ్వు చూసుకో. నేనలా నాన్న ల్యాబు దాకా వెళ్ళొస్తాను. నా మొహం నీకు అడ్డం" అంది.

"వద్దమ్మా, ఉండు. ఎదురుగా కూర్చో."

"ఎందుకే?"

"కూర్చో. నువ్వు లేనప్పుడు ఎంచుకుంటే ఎంచుకున్నట్టు కాదు. రేపు ఎలాగూ చూడాలిగా నీ మొహం."

కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"భూగర్భ శాస్త్రం పెడుతున్నాను" అంది జడ్జిగారు.

ఇతరుల పిల్లలకైతే కౌన్సెలరమ్మ ఆ సబ్జెక్టు గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. నీళ్ళ శాఖలు, గనులు, సొరంగాలు, ఆనకట్టల పునాదులు, పరిశోధన. ఇప్పుడు అందులో ఒక్కటీ గుర్తు రాలేదు. ఎండలో జీపు వెనక కూర్చుని, ఎక్కడో గడియ సరిగ్గా పడని గదిలో ఒంటరిగా పడుకుని, కమిలిపోయిన కూతురు కనిపించింది. బిగబట్టుకుందామనుకునేలోపే మొహం వాడిపోయింది. వాడిపోయిందని ఆవిడకే తెలిసింది.

జడ్జిగారు ఆ మొహాన్ని తేరిపార చూసింది. కళ్ళు నిండాయి.

"నచ్చలేదు కదా?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచింది కౌన్సెలరమ్మ. రాలేదు. "నచ్చలేదే" అంది. "భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. ఇదే సరైందో కాదో కూడా తెలీదు."

అంటూనే ఆ పిల్ల వేలు ముందుకు జరిపింది. తెర వైపు చూడలేదు. వాడిపోయిన తల్లి మొహంలోకి సూటిగా చూస్తూనే నొక్కేసింది.