ఒకరోజు ముందొచ్చే నీడ

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి ఆమె నీడ గోడమీద రేపటి పనిలో ఉంటుంది. పుట్టినప్పటినుంచీ అంతే, ఒకరోజు ముందు నడిచే నీడ. చిన్నప్పుడు రేపు జ్వరమంటే ఇవాళే నీడ ముడుచుకుని పడుకునేది, తల్లి మాత్రలు తెచ్చిపెట్టుకునేది. "మీ అమ్మాయి నీడ ఇవాళ బడికి రాలేదు, రేపు సెలవా?" అని టీచరు కబురు పెట్టేది. ఇప్పుడు ఆఫీసు వాచ్‌మన్ కూడా అలవాటు పడిపోయాడు.

కూతురు మాత్రం నీడవైపు చూడదు. చూసేదంతా తల్లే. కొన్ని నెలలుగా ఆ నీడ రోజూ మంచం అంచున మోకాళ్ళమీద గడ్డం ఆనించుకుని కూర్చుంటోంది. మర్నాడు కూతురూ అలాగే కూర్చుంటోంది.

ఆవేళ తల్లి బట్టలు మడతపెడుతుంటే, పట్టపగలు నీడ ఒంటరిగా ఇంటికొచ్చింది. చేతిలో సంచి. తెగిన పిడికి వేసిన ముడి నీడలో కూడా తెలుస్తోంది. ఆ ముడి వేసింది తల్లే. నీడ సంచి కింద పడేసి, సోఫాలో వాలి, వాలగానే నిద్రపోయింది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది.

తల్లి మడతపెడుతున్న బట్ట అలాగే వదిలేసి లేచింది. రేపు ఈ వేళకి పిల్ల ఆఫీసులో సామాన్లు సర్దుకుని వచ్చేస్తుందన్నమాట! బీరువా పైనున్న ఆ నీలం సంచిని లాగి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. సంచే లేకపోతే తెచ్చేదేముంది? హాల్లోకొచ్చి చూస్తే సోఫా ఖాళీ, నీడ లేదు. "అమ్మయ్య!" అనుకుంది.

సాయంత్రం కూతురు పళ్ళెం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది.

"ఏమైందే?"

"రేపు రిపోర్ట్ మీద సంతకం పెట్టాలమ్మా."

"పెట్టు మరి. షేర్ల ఎనలిస్ట్ అవుతానని మూడేళ్ళు పరీక్షలు రాసింది దానికేగా!"

"ఒక బస్సుల కంపెనీ షేరు ధర ఇంత ఉండాలని మా బాస్ గడ్డం సార్ ముందే రాసేశారు. ఆ ధర వచ్చేదాకా అమ్మకాల అంచనా పెంచుకుంటూ పొమ్మంటున్నారు."

"అదేంటి? లెక్క చేస్తే కదా ధర వచ్చేది! చొక్కా కుట్టేసి మనిషిని అందులో దూర్చినట్టుంది."

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. "ఆ బస్సుల ఫ్యాక్టరీ చూసొచ్చానమ్మా. సగం షెడ్లలో మిషన్లు దుమ్ము పట్టిపోయున్నాయి. నా పేరుతో 'కొనండి' అని వస్తే, కింది ఇంటి తాతగారు రేపే కొంటారు. మెట్లమీద కనపడ్డప్పుడల్లా అడుగుతున్నారు, డబ్బు దేంట్లో పెట్టమంటావమ్మా అని."

"సంతకం పెట్టకపోతే?"

"ఏముంది, సామాన్లు సర్దుకోమంటారు."

"అందరూ చేసేదేగా తల్లీ. కొన్నాళ్ళు కళ్ళు మూసుకో. ఈ ఊళ్ళో మనకెవరున్నారు చెప్పు?"

"సరేలే, పెడతాను," అని కూతురు లేచి వెళ్ళిపోయింది.

తల్లి చెయ్యి కడుక్కుని గదిలోకి తొంగిచూసింది. మంచం అంచున కూతురు మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని కూర్చునుంది. పక్కన గోడమీద రేపటి నీడ అచ్చం అలాగే కూర్చునుంది. ఎవరో ఇద్దరు ముసలమ్మలు రాని బస్సు కోసం చూస్తున్నట్టున్నారు.

మధ్యాహ్నం సోఫామీంచి వేలాడిన చెయ్యి గుర్తొచ్చింది తల్లికి. ఈ పిల్ల అలా ఒళ్ళు మరిచి పడుకుని ఎన్నాళ్ళయింది? తను చూసింది సంచినేగానీ, నిద్రని కాదు.

పొద్దున్న కూతురు చెప్పులేసుకుంటుంటే, తల్లి ట్రంకుపెట్టె తాళం తీసి నీలం సంచి తెచ్చి ఇచ్చింది.

"ఇదెందుకమ్మా ఇప్పుడు?"

"ఉంచుకో. దేనికైనా పనికొస్తుంది."

కూతురు ముడివేసిన పిడిని వేళ్ళతో తడిమింది. తల్లి మొహంలోకి చూసింది. "భయం లేదా నీకు?"

"ఎందుకు లేదూ! అయినా సరే. మధ్యాహ్నం ఇద్దరికీ వండుతాను, చల్లారిపోకముందే వచ్చెయ్."

మధ్యాహ్నం తల్లి రెండు పళ్ళేలు పెట్టింది. కూతురు వచ్చి, ఆఫీసు సామాన్లతో నిండిన సంచి కింద పడేసి, "ఒక్క ఐదు నిమిషాలమ్మా," అంటూ సోఫాలో వాలింది. చెయ్యి కిందికి వేలాడింది.

గోడమీద గుమ్మం దగ్గర రేపటి నీడ కదలబోతోంది. ఎటు పోతుందో, చేతిలో ఏముందో. తల్లి చప్పున లేచి కిటికీ కర్టెన్లు మూసేసింది. హాలంతా చీకటైపోయింది. ఆ చీకట్లో కూతురి గురక వింటూ, అన్నం చల్లారిపోతున్నా లేపకుండా కూర్చుంది.